స్ప్రింగు బాగానే కుంగింది, పోగే తెగింది

మెకానికల్ చదివి సాఫ్టువేరులో తేలినవాళ్ళు మనలో చాలామందే ఉన్నారు కదా. వాళ్ళందరికీ ఒక ప్రశ్న. కాలేజీ క్యాడ్ లాబులో స్ప్రింగు గీశారా? గీసే ఉంటారు. ముందు బోల్టు, నట్టు, ఆ తర్వాత ఫ్లాంజి, ఆ తర్వాత స్ప్రింగు. అది మానిటరు మీద కుంగుతూ లేస్తూ ఉంటే పక్కనోడిని పిలిచి మరీ చూపించి ఉంటారు. నేనూ చూపించా. లాబు పరీక్షలో మార్కులు కూడా బాగానే పడ్డాయి.

ఆ స్ప్రింగు ఎంత బరువు పెడితే ఎంత కుంగుతుందని మాత్రం నన్నెవరూ అడగలేదు. నన్ను నేనూ అడుక్కోలేదు. ఏడేళ్ళ తర్వాత ఒక స్ప్రింగుల షాపాయన అడిగాడు. అప్పటికీ నాకు బుద్ధి రాలేదు. మా అత్త పట్టు తెగాక వచ్చింది. ఆ కథ చెప్పి, దాని మీద నా గోల కూడా కాస్త చెప్పుకుంటా.

మా అమ్మవాళ్ళది పోచంపల్లి పక్కన ఒక పల్లె. 2016లో జిల్లాలు విడగొట్టాక అది యాదాద్రి భువనగిరిలోకి వెళ్ళింది గానీ మావాళ్ళ నోట్లో ఇంకా నల్లగొండ జిల్లాయే. మామ మగ్గం నేస్తాడు. అత్త దారం చుడుతుంది, ఆసు పోస్తుంది. ఆసు అంటే తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. పోచంపల్లి చీరలో పువ్వుని బట్ట నేశాక అద్దరు. నేయడానికి ముందే దారానికి చిటికీలు కట్టి రంగులో ముంచుతారు. అలా కట్టాలంటే ముందు ఆ దారాన్ని అర్ధచంద్రాకారంలో ఉన్న మేకుల చుట్టూ వరసగా, లెక్క తప్పకుండా పోసుకోవాలి. అదే ఆసు. ఇక్కడ ఒక పోగు బిగువుగా, పక్కది వదులుగా పడిందనుకోండి, రంగు పడే చోటు ఒకటి, బట్టలో అది తేలే చోటు ఇంకొకటి అవుతుంది. పువ్వు రెక్క చెదిరిపోతుంది.

ఆసుకి ముందు లడి మీది పట్టుని గొట్టానికి చుట్టడానికి మావాళ్ళు ఒక చిన్న మోటారు రాట్నం పెట్టుకున్నారు. పోయిన దసరాకి వెళ్ళినప్పుడు మామ దాన్ని చూపించి అన్నాడు.

"అల్లుడా, మోటారైతే పెట్టినం గని, దారం ఒకపాలి గుంజుతది, ఒకపాలి వదులైతది. ఒక్క తీరుగ వచ్చేటట్టు ఏమన్న చెయ్యరాదు? నువ్వు ఇంజనీరువైతివి గద."

పొద్దున్నుంచి రాత్రిదాకా జావా రాసుకునే నాకు ఆ మాట వినగానే ఛాతీ నాలుగంగుళాలు పెరిగింది. దానిదేముంది మామా అన్నా.

నిజానికి దానికి మందు పాతదే, మిల్లుల్లో ఎప్పట్నుంచో వాడుతున్నదే. రెండు చిన్న ఉక్కు బిళ్ళలు, వాటి మధ్యలోంచి దారం. పై బిళ్ళ మీద ఒక చిన్న స్ప్రింగు, దాని మీద ఒక నట్టు. నట్టు బిగిస్తే స్ప్రింగు కుంగుతుంది, బిళ్ళలు దారాన్ని ఇంకాస్త గట్టిగా పట్టుకుంటాయి. వదులు చేస్తే వదులవుతుంది. ఇంతే యంత్రం.

హైదరాబాదు వచ్చి ఫ్రీక్యాడ్ తెరిచా. బిళ్ళలు, కడ్డీ, నట్టు పది నిమిషాల్లో అయిపోయాయి. స్ప్రింగు దగ్గరే రెండు రాత్రులు పట్టింది. ఇది చేసినవాళ్ళకి తెలుస్తుంది, క్యాడ్‌లో స్ప్రింగు గీయడం తేలిక, కదిలించడం కష్టం. మిగతా సామాన్లన్నీ గట్టివి. వాటిని జరపొచ్చు, తిప్పొచ్చు, ఆకారం మారదు. స్ప్రింగు అలా కాదు, కదలడమంటేనే దాని ఆకారం మారడం. ఫ్రేము ఫ్రేముకీ కొత్త హెలిక్స్ గీసి, దాని వెంట తీగ వృత్తాన్ని మళ్ళీ స్వీప్ చేయాలి.

మొదటి రాత్రి నేను చేసిన తప్పు అందరూ చేసేదే. పిచ్, అంటే చుట్టుకీ చుట్టుకీ మధ్య దూరం, అంకె వేసి కట్టేశా. ఎత్తుని మాత్రం నట్టుతో పాటు మారనిచ్చా. నట్టు కిందికి దిగేకొద్దీ స్ప్రింగు కుంగలేదు, చుట్లు ఒక్కొక్కటిగా మాయమయ్యాయి! ఎనిమిది చుట్ల స్ప్రింగు నాలుగు చుట్లయింది. మిగతా ఉక్కు ఏ లోకానికి పోయిందో తెలియదు.

రెండో రాత్రి తిరగేశా. చుట్ల సంఖ్యని కట్టేసి, ఎత్తుని పై బిళ్ళకీ నట్టుకీ మధ్య దూరం నుంచి తెచ్చుకుని, పిచ్‌ని ఆ ఎత్తు భాగించు చుట్లు అని రాశా. ఇప్పుడు ముద్దుగా కుంగింది. ఎవరైనా నేర్చుకోవాలంటే ఇదే పద్ధతి: చుట్లు మారవు, ఎత్తు బయటి నుంచి వస్తుంది, పిచ్ లెక్కలో తేలుతుంది. ఇన్వెంటర్‌లో అడాప్టివ్ అన్నా, క్రియోలో ఫ్లెక్సిబుల్ అన్నా అడుగున ఉన్న తెలివి ఇదే.

ఇంకా చాదస్తం ఉంటే తీగ పొడవు కూడా చూసుకోవాలి. స్ప్రింగుని ఎంత నొక్కినా తీగ పొడవు మారదు కదా. మరి ఎత్తు తగ్గితే ఆ పొడవు ఎటు పోవాలి? చుట్టు వెడల్పులోకి. 6 మి.మీ. వ్యాసంతో ఎనిమిది చుట్లున్న స్ప్రింగు 20 మి.మీ. నుంచి 10 మి.మీ.కి కుంగితే వ్యాసం సుమారు 0.04 మి.మీ. పెరుగుతుంది. కంటికి ఆనదు గానీ బిగుతు గొట్టంలో పెట్టిన స్ప్రింగైతే గోడలకి రాసుకుంటుంది. నేను ఇది కూడా పెట్టా. అంత శ్రద్ధ అన్నమాట!

ఇక తీగ మందం. 0.4 మి.మీ. పెట్టి చూశా. తెర మీద వెంట్రుకలా ఉంది, స్ప్రింగు అన్న కళే లేదు. 0.8 పెట్టా. అద్దిరిపోయింది. దానికి కాస్త మెరుపు పెట్టి, 20 మి.మీ. నుంచి 6 మి.మీ. వరకు కుంగి లేచేటట్టు వీడియో తీసి మామకి వాట్సప్‌లో పంపా. "మంచిగున్నది అల్లుడా" అన్నాడు. ఆఫీసులో చూపిస్తే ఇద్దరు మేనేజర్లు కూడా బాగుందన్నారు.

మీలో ఎవరికైనా ఆ వీడియోలో తప్పు కనిపించిందా? చివర్ల రెండు చుట్లతో కలిపి మొత్తం పది చుట్లు. ఒక్కో తీగ 0.8. అన్నీ ఒకదాన్నొకటి ఆనుకుని కూర్చున్నా 8 మి.మీ. ఎత్తు ఉండి తీరాలి. నాది 6కి కుంగింది. అంటే ఉక్కులోంచి ఉక్కు దూరిపోయింది. సాఫ్టువేరు చూస్తూ ఊరుకుంది. తప్పు దానిది కాదు లెండి, ఢీకొంటున్నాయా లేదా చూడమని నేను అడగనేలేదు.

తర్వాత స్ప్రింగు చేయించడానికి ఒక షాపుకెళ్ళా. ఆయన వీడియో చూశాడు. చూసి అడిగాడు.

"లోడెంత సార్?"

"లోడేం లేదండీ, చిన్న దారం."

"అట్ల కాదు సార్. ఎంత నొక్కితే ఎంత బరువు రావాలె?"

"మీరు బొమ్మలో ఉన్న కొలతలకి చేసివ్వండి, చాలు."

ఆయన నా వంక ఒకసారి చూసి చేసిచ్చాడు.

ఊళ్ళో బిగించాం. మామ నట్టు తిప్పాడు, స్ప్రింగు అచ్చం వీడియోలోలాగే కుంగింది. అత్త మోటారు వేసింది. టప్పున తెగింది. ముడి వేసింది. మళ్ళీ తెగింది. నట్టు కాస్త వదులు చేస్తే దారం అసలు పట్టు లేకుండా పోతోంది, కాస్త తిప్పితే తెగుతోంది. మధ్యలో అందే చోటే లేదు. నేను మాత్రం సర్దుకుంటుంది, సర్దుకుంటుంది అంటూ ఇంకో గంట ఆ లడి మీదే ప్రయోగాలు చేశా. లడి చిక్కుపడింది. ఆ సాయంత్రమంతా అత్త చిక్కు తీస్తూ, ముళ్ళు వేస్తూ కూర్చుంది. నన్ను ఒక్క మాట అనలేదు. మామ మాత్రం ఒకటే అన్నాడు.

"బొమ్మల మంచిగనే నడిసింది గద అల్లుడా?"

వెటకారం కాదు. నిజంగానే అర్థం కాక అడిగాడు. అందుకే నాకు ఇంకా గుచ్చుకుంది.

ఆ రాత్రి ఫోను పక్కన పెట్టి కాగితం తీశా. రెండో సంవత్సరంలో బట్టీ పట్టి, పరీక్షయిన మర్నాడే మరిచిపోయిన సూత్రం ఒకటుంది. స్ప్రింగు గట్టిదనం తీగ మందానికి నాలుగో ఘాతంతో పెరుగుతుంది, చుట్టు వ్యాసానికి మూడో ఘాతంతో తగ్గుతుంది, చుట్లు పెరిగేకొద్దీ తగ్గుతుంది. నాలుగో ఘాతం అంటే తీగ మందం రెట్టింపైతే గట్టిదనం పదహారు రెట్లు!

అంకెలు వేసి చూశా. 6 మి.మీ. వ్యాసం, పనిచేసే చుట్లు ఎనిమిది, ఉక్కు తీగ. తీగ 0.4 అయితే ఒక్క మి.మీ. నొక్కడానికి సుమారు 15 గ్రాములు చాలు. 0.8 అయితే సుమారు 240 గ్రాములు. నట్టు 3 మి.మీ. దిగితే మొదటిది బిళ్ళల మీద 45 గ్రాములతో ఆనుతుంది, రెండోది 720 గ్రాములు దాటుతుంది. రెండు వైపులా రాపిడి కలిపి అందులో నలభై శాతం దారం మీద పడుతుందనుకున్నా, మొదటి లెక్కలో 18 గ్రాముల లాగుడు, రెండో లెక్కలో 290. రెండు పోగులు పేనిన సన్నపట్టు తెగడానికి సుమారు 150 గ్రాములు చాలు. అది తెగక ఏం చేస్తుంది పాపం?

ఐదు నిమిషాల లెక్క ఇది. రెండు రాత్రులు కూర్చుని తీగ పొడవు సహా సరిచూసుకున్న నేను ఈ ఐదు నిమిషాలు కూర్చోలేదు. ఎందుకంటే అవసరం కనపడలేదు. తెర మీద 0.4 స్ప్రింగూ 0.8 స్ప్రింగూ ఒకేలా కుంగుతాయి. పదహారు రెట్ల తేడా బొమ్మలో ఎక్కడా లేదు. పైగా తప్పు స్ప్రింగే అందంగా ఉంది.

నా గోల ఇక్కడే మొదలు. నిజం స్ప్రింగు బలం పడితే కుంగుతుంది. హుక్ 1678లో అచ్చువేసిన సూత్రం అదే, ఎంత బలమో అంత సాగుడు. యానిమేషన్ స్ప్రింగు మనం కుంగమన్నాం కాబట్టి కుంగుతుంది. ముందు కదలిక రాసేసి, దానికి తగ్గట్టు ఆకారం గీస్తున్నాం. చూడ్డానికి రెండూ ఒకటే. ఒకదాంట్లో బలం కారణం, రెండోదాంట్లో బలం అనేదే లేదు. దీన్ని మన కాలేజీల్లో డిజైన్ అని పిలిచి మార్కులు వేస్తున్నారు. క్యాడ్ లాబు ఒక సెమిస్టరులో, స్ప్రింగు సూత్రం ఇంకో సెమిస్టరులో. రెండూ ఒకే స్ప్రింగు గురించి అని నాకు ఇరవై ఎనిమిదేళ్ళకి తెలిసింది.

మా ఊరి చుట్టుపక్కల ఈ సంగతి మాట్లాడుతూ చింతకింది మల్లేశం గారి పేరెత్తకపోతే తప్పవుతుంది. ఆయనది ఆలేరు దగ్గర శారాజీపేట. చదువు ఆరో తరగతితో ఆగిపోయింది. వాళ్ళమ్మ లక్ష్మి గారు ఆసు పోసి పోసి భుజం నొప్పితో బాధపడుతుంటే దానికో యంత్రం చేయాలనుకున్నారు. ఒక్క చీరకి ఆసు పోయాలంటే చెయ్యి సుమారు 9,000 సార్లు అటూ ఇటూ తిరగాలి. నాలుగైదు గంటల పని. 1992లో మొదలుపెడితే 1999లో యంత్రం పూర్తయింది. మధ్యలో డబ్బులు లేక, జనం నవ్వి, ఆగిపోయి, హైదరాబాదు వచ్చి పని చేసుకుంటూ మళ్ళీ మొదలుపెట్టారు. బాలానగర్లో ఒక యంత్రం కదలిక చూశాక చివరి చిక్కుముడి విడిందని ఆయనే సభల్లో చెప్పారు. నాలుగైదు గంటల పని గంటన్నరకి వచ్చింది. దానికి అమ్మ పేరే పెట్టారు, లక్ష్మీ ఆసు యంత్రం అని. 2017లో పద్మశ్రీ వచ్చింది, 2019లో సినిమా కూడా వచ్చింది.

ఈ కథ చెప్పి "చూశారా, చదువు అక్కర్లేదు, సాఫ్టువేరు అక్కర్లేదు" అని చప్పట్లు కొట్టేవాళ్ళంటే నాకు చిరాకు. చేతిలో క్యాడ్ ఉండుంటే ఆ ఏడేళ్ళు మూడేళ్ళయ్యేవేమో, ఎవరికి తెలుసు? నేను చూసేది వేరే సంగతి. ఆయన చెక్కతో, ఇనుముతో చేసిన ప్రతి తప్పుకీ ఆ చెక్కా ఇనుమే అక్కడికక్కడ జవాబు చెప్పాయి. తెగిన పోగు తెగినట్టే కనిపించింది. నా తప్పుకి మాత్రం తెర చప్పట్లు కొట్టింది. నాకు దొరికిన పనిముట్టు ఆయనకి లేదు, ఆయనకి దొరికిన జవాబు నాకు లేదు.

ఇదంతా చేనేతవాళ్ళ గొడవ, మనకెందుకు అంటారా? పాత మహబూబ్‌నగర్ జిల్లాలో గద్వాల ఉంది కదా, అక్కడ చీర అంచు కోసం జకార్డు పెట్టుకునేవాళ్ళున్నారు. 1804 నాటి ఫ్రెంచి ఆలోచన అది. మన పంచ్ కార్డులకి తాత. దాని లోపల ఒక్కో సూది వెనక ఒక్కో చిన్న స్ప్రింగు ఉంటుంది. అట్టలో రంధ్రం ఉంటే సూది అందులోకి దూరుతుంది, పోగు లేస్తుంది. రంధ్రం లేకపోతే అట్ట సూదిని వెనక్కి నెడుతుంది, స్ప్రింగు కుంగుతుంది, పోగు లేవదు. అట్ట పక్కకి తప్పుకోగానే ఆ స్ప్రింగే సూదిని మళ్ళీ చోటుకి తెస్తుంది. మనం పొద్దున లేస్తే జపం చేసే సున్నా ఒకటీ అక్కడ ఒక స్ప్రింగు కుంగి లేవడం మీద ఆధారపడి ఉంది. స్ప్రింగు మరీ గట్టిదైతే అట్ట చిరుగుతుంది, మరీ మెత్తనైతే సూది తిరిగి రాదు. ఏ గట్టిదనం కావాలో బొమ్మ చెప్పదు, అంకె చెబుతుంది.

మన ఆఫీసుల్లోనూ జరిగేది ఇదే కదా. క్లయింటుకి డెమో చూపిస్తాం. బటన్ నొక్కితే పచ్చరంగు టిక్కు వస్తుంది. వెనక సర్వరు లేదు, డేటాబేసు లేదు, నొక్కగానే టిక్కు చూపించమని మనమే రాసి పెట్టాం. అది కూడా బలం లేకుండా కుంగే స్ప్రింగే. డెమో తప్పు కాదు. ఆ డెమోనే చూసి "అయిపోయింది, ఇంకేముంది" అనుకోవడం తప్పు. నిజం యూజర్లు పదివేలమంది ఒకేసారి నొక్కిన రోజున పోగు తెగుతుంది, ముళ్ళు వేసేది రాత్రి షిఫ్టులో ఉన్న పిల్లాడు. ఇప్పుడైతే స్ప్రింగు కుంగే వీడియో కావాలని ఏఐకి రెండు వాక్యాలు రాస్తే చాలు, నేను పడ్డ రెండు రాత్రుల కష్టం కూడా లేదు. అంటే అందమైన తప్పులు ఇంకా చవకయ్యాయన్నమాట.

మరి బొమ్మలు మానేద్దామా? మానక్కర్లేదు. నేనూ మానలేదు. ఆ మోడల్లోనే పక్కన ఒక స్ప్రెడ్‌షీటు పెట్టా, ఫ్రీక్యాడ్‌లో అది లోపలే ఉంటుంది. నాలుగే గడులు. నొక్కనప్పటి పొడవు, చుట్లన్నీ ఆనుకున్నప్పటి పొడవు, మి.మీ.కి ఎన్ని గ్రాములు, ఇప్పుడు ఎన్ని గ్రాములు. ఆనుకునే పొడవు కంటే కిందికి పోనివ్వకుండా ఎత్తుకి ఒక హద్దు పెట్టా. తీగ మందం మారిస్తే బొమ్మతో పాటు అంకె కూడా మారుతుంది. 0.4 నుంచి 0.8కి మార్చగానే 15 కాస్తా 240 అవడం కళ్ళముందే కనిపిస్తే ఏ పిల్లాడైనా ఆగి చూస్తాడు. లాబులో మాస్టార్లు ఈ నాలుగు గడులు లేని స్ప్రింగుకి మార్కులు వేయకపోతే చాలు, నాలాంటివాళ్ళు సగం తగ్గుతారు.

తర్వాత అదే షాపుకెళ్ళా. ఈసారి వీడియో తీసుకెళ్ళలేదు. "3 మి.మీ. నొక్కితే 45 గ్రాములు రావాలండీ" అన్నా. "అట్ల చెప్పాలె సార్" అని ఐదు నిమిషాల్లో చేసిచ్చాడు. ఇంటికొచ్చి చిన్న తూకం మిషను మీద పెట్టి నొక్కి చూశా. 50కి కాస్త అటూ ఇటూ ఊగింది. సూత్రం అన్నాక ఆ మాత్రం తేడా ఉంటుంది.

అది మామ ఇంట్లో ఇప్పుడు నడుస్తోంది. మామ మాత్రం నట్టు తిప్పాక ఇప్పటికీ దారాన్ని రెండు వేళ్ళ మధ్య పట్టుకుని చూసిగానీ మోటారు వేయడు. మొన్న ఫోనులో అడిగా, లెక్క సరిపోయింది కదా మామా, ఇంకా ఎందుకు పట్టి చూస్తావని.

"లెక్క నీది అల్లుడా, పట్టు నాది గద" అన్నాడు.

దీనికి నా దగ్గర జవాబు లేదు. మీ దగ్గరుంటే చెప్పండి.